తెల్ల తెర: బొమ్మ రాని పెయింటర్ మీద పాటల సినిమా, పని డైరీ

నాటకాలకు తెరలు వేసే పెయింటర్ ఒకాయన. దర్బారు, అడవి, వీధి, కారాగారం అన్నీ వేసిన చెయ్యి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి నాటక సమాజం కొత్త తెర అడుగుతుంది. గుడ్డ కట్టుకుని ముందు నిలబడతాడు, చెయ్యి కదలదు. కథ ఇంతే. దీన్ని మాటలకంటే పాటలే ఎక్కువ ఉండే సినిమాగా విజయనగరంలో తీస్తున్నాం. నిడివి సుమారు 34 నిమిషాలు, అందులో ఏడు పాటలు. చేతిలో ఉన్నవి రెండు ఫోన్లు, అరువు తెచ్చుకున్న జూమ్ హెచ్1ఎన్ రికార్డర్, ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, పాటల రికార్డింగ్‌కు రీపర్ సాఫ్ట్‌వేర్.

తక్కువ డబ్బుతో పాటల సినిమా తియ్యాలనుకునేవాళ్లకు ఉపయోగపడాలని కొలతలు, ఖర్చులు, పనికిరాకుండా పోయినవి, మార్చినవి అన్నీ రాస్తున్నాను. కథ ఎలా పుట్టిందన్న సంగతి వదిలేసి నేరుగా పనిలోకి వస్తాను.

ముందే ఖాయం చేసుకున్నవి

1. ఆరు పాటలదాకా పెయింటర్ నోరు విప్పడు. చుట్టూ ఉన్నవాళ్లే పాడతారు.
2. ఆ ఆరు పాటల్లో ఒక్కటీ పూర్తి కాదు. పల్లవి వస్తుంది, చరణం ఎత్తుకుంటారు, అక్కడ ఆగిపోతుంది.
3. "నాకేమీ తోచడం లేదు" అన్న మాట పాటలోగానీ డైలాగులోగానీ రాదు.
4. కల పాట లేదు. పాట మొదలైందని డ్రెస్ మారదు, ఊరు మారదు.

రెండో నియమం మీదే అందరం ఎక్కువ వాదించుకున్నాం. మన సినిమాల్లో ఎవరికి బాధ కలిగినా దానికొక చక్కటి పాట ఉంటుంది. ప్రేమ పోతే అది సరిపోతుంది. చెయ్యి ఆడని కళాకారుడి మీద నిండైన పాట పెడితే మాత్రం, పాట బాగున్నకొద్దీ కథ అబద్ధం అవుతుంది. అంత బాగా పాట వచ్చినవాడికి తోచకపోవడమేమిటని ఎవరైనా అడుగుతారు. అందుకే ఆగిపోవడం గురించి పాడించకుండా పాటనే ఆపేద్దాం అనుకున్నాం. ఈ నిర్ణయం తర్వాత మాకు ఎంత పని పెట్టిందో ఆగిన పాటల దగ్గర చెబుతాను.

తెర

సినిమాలో సగం షాట్లలో వెనక ఉండేది ఈ గుడ్డే. అందుకని అన్నిటికంటే ముందు దీన్నే తయారు చేశాం.

1. నాలుగు అడుగుల పన్నా ఉన్న ముతక కోరా గుడ్డ, 13 అడుగుల ముక్కలు ఐదు. మొత్తం 65 అడుగులు, అంటే దగ్గర దగ్గర 20 మీటర్లు.
2. కుట్టకముందే నానబెట్టి ఆరేయడం. 13 అడుగుల ముక్క పన్నెండుంపావుకు తగ్గింది. కుట్టాక తడిపి ఉంటే కుట్టు పొడవునా ముడతలు పడేవి.
3. ముక్కలు నిలువుగా కలిపి కుట్టించడం. పైనా కిందా వెదురు దూర్చడానికి గొట్టంలా మడత.
4. కింది వెదురులో ఇసుక పోసి రెండు కొసలా గుడ్డతో బిగించడం. బరువు లేకపోతే ఫ్యాను గాలికే తెర ఊగుతుంది.

పొందూరు సన్న ఖద్దరు వాడదామని ఒకరన్నారు. అంత మంచి నేతను ఇలా పాడు చెయ్యడానికి మనసొప్పలేదు. పైగా ముతక గుడ్డకే లైటు బాగా పడుతుంది.

తెల్లగుడ్డ కెమెరాకు పనికిరాలేదు. ఫోను కెమెరా ఆటో మోడ్‌లో ఉంటే ఫ్రేమంతా తెల్లగా కనబడగానే వెలుతురు తగ్గించేస్తుంది. తెర బూడిదరంగుకు వస్తుంది, ముందున్న మనిషి ముఖం నల్లబడుతుంది. చేత్తో సెట్ చేసి ముఖానికి సరిపడా పెంచితే తెర తెల్లగా కాలిపోయి గుడ్డ నేత కనిపించదు. గుడ్డ గుడ్డలా కనిపించకపోతే ఆ మనిషి ఎదురుగా ఏముందో ప్రేక్షకుడికి తెలియదు.

దీనికి పాత కెమెరామెన్లు చేసే పనే చేశాం. తెల్లబట్టలను పల్చటి టీ డికాక్షన్‌లో ముంచుతారు, మేం తెర మొత్తాన్ని ముంచాం. అర కిలో టీ పొడి మరిగించి వడకట్టి, రెండు డ్రమ్ముల నీళ్లలో కలిపి, పావుగంట తిప్పుతూ ఉంచి తీశాం. తిప్పకుండా వదిలేస్తే మడతల దగ్గర మరకలు పడతాయి. ఇందుకోసం ముందు ఒక చిన్న ముక్క ముంచి చూసుకోవడం మంచిది. ఆరాక కంటికి తెల్లగానే కనిపిస్తుంది. కెమెరాలో మాత్రం ముఖం, గుడ్డ నేత రెండూ దక్కాయి.

కుట్లు ఇంకో చిక్కు. పక్కనుంచి లైటు వేస్తే నాలుగు కుట్లూ నాలుగు నిలువు గీతల్లా లేచి కనబడుతున్నాయి. లైటును తెరకు ఎదురుగా పైకి ఎత్తి, పన్నెండడుగుల వెనక్కి జరిపాక అణిగిపోయాయి.

ఖర్చు: గుడ్డ రూ. 1,400, కుట్టుకూలి రూ. 400, వెదురు, తాళ్లు రూ. 350, టీ పొడి రూ. 200.
ఇప్పటికి మొత్తం: రూ. 2,350

లయకు, ఫ్రేముకు పొత్తు

పాటలకు మొదట 80 టెంపో, అంటే నిమిషానికి 80 తాళం దెబ్బలు అనుకున్నాం. ఎడిటింగ్‌లో ఒక పల్లవి కోసి చూస్తే కట్‌లు దెబ్బ మీద పడటం లేదు. ఒకటి ముందు, ఒకటి వెనక. కారణం లెక్కలో ఉంది. సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నాం. 80 టెంపోలో ఒక దెబ్బకు 0.75 సెకను, అంటే 18.75 ఫ్రేములు. ఫ్రేమును ముక్క చెయ్యలేం కదా. నాలుగు దెబ్బలకు ఒకసారి మాత్రమే ఫ్రేము, తాళం కలుస్తాయి.

సూత్రం తేలికే: 1500ని టెంపోతో భాగిస్తే దెబ్బకు ఎన్ని ఫ్రేములో వస్తుంది. నిండు అంకె వచ్చే టెంపో ఎంచుకోవాలి. 60కి 25, 75కి 20, 100కి 15. మేం 75కి మారాం. అప్పుడు లెక్క ఇలా కుదిరింది:

- ఆది తాళం, ఎనిమిది దెబ్బలు: 160 ఫ్రేములు, 6.4 సెకన్లు
- రూపకం, మూడు దెబ్బలు: 60 ఫ్రేములు, 2.4 సెకన్లు
- మిశ్రచాపు, ఏడు అరదెబ్బలు: 70 ఫ్రేములు, 2.8 సెకన్లు
- ఖండచాపు, ఐదు అరదెబ్బలు: 50 ఫ్రేములు, 2 సెకన్లు

ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాసి ఎడిటింగ్ టేబుల్ ఎదురుగా అంటించాం. కట్ ఎక్కడ వెయ్యాలన్న వాదన అక్కడితో సగం తగ్గింది.

ఇదే దశలో సరిచూసుకోవాల్సినవి మరి మూడు:

1. ఫోను మామూలు కెమెరా యాప్ ఫ్రేమ్ రేటును తనకు తోచినట్టు పెంచి తగ్గిస్తుంది. నాలుగు నిమిషాల పాటలో పెదవులు, గొంతు విడిపోతాయి. రేటును 25 దగ్గర బిగించే యాప్ వాడాలి. ముందే తీసేసినవి ఉంటే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన 25కి మార్చుకోవాలి.
2. రిజాల్వ్‌లో క్లిప్పులు వేశాక టైమ్‌లైన్ రేటు మారదు. ఖాళీ ప్రాజెక్టులోనే 25 పెట్టాలి.
3. రికార్డర్, రీపర్, రిజాల్వ్ మూడూ 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉండాలి. 44.1లో చేసిన ఫైలును 48 అనుకుని నడిపితే శ్రుతి ఒకటిన్నర మెట్టు దాకా పైకి పోతుంది. వినగానే పాటలకు వరసలు కట్టే మా మాస్టారు పట్టేశారు, "ఇది మన ఐదు శ్రుతి కాదు నాయనా" అని.

ట్రాక్‌ల రికార్డింగ్

రికార్డింగ్‌కు దొరికింది రేకుల షెడ్డు. చప్పట్లు కొట్టి రికార్డు చేసి చూస్తే ప్రతిధ్వని తోక దాదాపు ఒక సెకను పోతోంది. మూడు పక్కలా బొంతలు, పైన తాళ్ల మీద గోనె సంచులు వేలాడదీశాం. సగానికంటే తక్కువకు వచ్చింది. గోడకు అతికించినట్టు కాకుండా జానెడు ఎడంగా వేలాడదీస్తే బొంత ఎక్కువ పీలుస్తుంది. రైలు పట్టాలు దగ్గర. హౌరా, చెన్నై దారి కాబట్టి బళ్లకు తెరిపి ఉండదు. బండి లేని సందులు చూసుకుని నాలుగేసి ఆవర్తనాల (తాళం పూర్తి చుట్లు) ముక్కలుగా పాడించాం.

రాగం కళ్యాణి. మాస్టారు దీన్నే ఎంచుకోవడానికి గట్టి కారణం ఉంది. కళ్యాణిలో షడ్జాన్ని (స), పంచమాన్ని (ప) తాకకుండా చాలాసేపు తిరగవచ్చు, రాగం చెడదు సరికదా అందం వస్తుంది. మా ఆరు పాటలూ నిషాదం (ని) దగ్గరే ఆగాలి. పైషడ్జం వచ్చేస్తుందని చెవి ఎదురు చూస్తుంది, రాదు. పై షడ్జం ఏడో పాటకు దాచుకున్నాం. వరసలు కట్టేటప్పుడు పాట పాటకూ షడ్జాలను గుర్తించి తీసేస్తూ పోయారు. అలవాటు కొద్దీ పాటలు పాడే అక్క గొంతు షడ్జం మీద వాలిపోతుంటే "అక్కడ కూర్చోకమ్మా, నిలబడే ఉండు" అనేవారు.

వీణ మాత్రం చుక్కలు చూపించింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన వీణ, ఒకే పనస దుంగ నుంచి తొలిచింది. ఇరవై నాలుగు మెట్లూ నల్ల మైనంలో కూర్చి ఉంటాయి. మే నెల మధ్యాహ్నం రేకుల కింద పెట్టుకుని వాయిస్తుండగా పై స్థాయి మెట్ల దగ్గర స్వరం జారడం మొదలైంది. తీగ బిగిస్తే కింది స్థాయి బాగుపడుతుంది, పైది చెడుతుంది. తీగలో లోపమైతే రెండూ ఒకేలా చెడాలి. వేలితో తాకి చూస్తే మైనం మెత్తగా ఉంది. ఒక మెట్టు వెంట్రుకవాసి పక్కకు ఒరిగింది. కళ్యాణిలో ప్రతిమధ్యమం వెంట్రుకవాసి తప్పినా పాటంతా పాడవుతుంది. వీణను గొల్లపల్లి తీసుకెళ్లి మేళం (మైనంలో మెట్ల అమరిక) మళ్లీ కట్టించాం.

మార్చినవి:

1. వీణ రికార్డింగ్ తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది లోపే.
2. ఎండలో ఆపిన ఆటోలో, కారులో వీణ వదలకూడదు. తడి గుడ్డ కప్పడమూ వద్దు, చెక్కకు చేటు.
3. షూటింగ్‌లో కనిపించడానికి వేరే పాత వీణ. శబ్దం అవసరం లేని చోట మంచి వాయిద్యాన్ని బయటికి తియ్యలేదు.

ఖర్చు: గోనె సంచులు రూ. 300, మేళం కట్టించడానికి రూ. 2,000, వీణ కళాకారిణికి రూ. 3,000, స్టాండు, వైర్లు రూ. 900. ఈ దశకు రూ. 6,200.
ఇప్పటికి మొత్తం: రూ. 8,550. పూర్తయిన ట్రాక్‌లు: ఏడింటిలో ఐదు

షూటింగ్

లైట్ల గురించి ముందు చెప్పేస్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెడితే తెర మీద గీతలు రావు. 1/60లో నల్లటి పట్టీలు కనిపిస్తాయి, తెల్ల తెర మీదైతే మరీను.

అసలు తంటా పాట వినిపించడంలో వచ్చింది. మొదట బ్లూటూత్ స్పీకర్ వాడాం. పాట ఆలస్యంగా బయటికొస్తుంది, ఆ ఆలస్యం కనెక్ట్ చేసిన ప్రతిసారీ ఒకేలా ఉండదు. వైరుకు మారాం, ఇండోర్ షాట్లన్నీ సర్దుకున్నాయి. చంపావతి నది ఇసుకలో తీసిన దూరపు షాట్లు మళ్లీ చెడ్డాయి. స్పీకరు కెమెరా పక్కన, మనుషులు ముప్పై అయిదు మీటర్ల దూరాన. ఆ ఎండలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. పాట వాళ్ల చెవికి చేరేసరికి పదో వంతు సెకను, అంటే రెండున్నర ఫ్రేములు గడిచిపోతాయి. వాళ్లు విన్నదానికి సరిగ్గానే అడుగు వేస్తున్నారు, మనకు మాత్రం ఆలస్యంగా కనబడుతోంది. స్పీకరును మనుషుల దగ్గరికి చేర్చి, ఇసుకలో గొయ్యి తీసి దించి, ముందు గడ్డి కప్పాం. అప్పటినుంచి ఈ గొడవ లేదు.

ప్లేబ్యాక్ ఫైలు తయారీ ఇలా ఖాయమైంది:

1. కుడి చానల్‌లో పాట, ఎడమ చానల్‌లో తాళం దెబ్బలు మాత్రమే.
2. స్పీకరుకు కుడి చానల్ ఒక్కటే. తాళం చూసుకునే మనిషికి చెవిలో ఎడమది.
3. పాట మొదలుకు ముందు ఒక ఆవర్తనం దెబ్బలు, చివర పాట ఆగాక కూడా రెండు ఆవర్తనాల దెబ్బలు. పాట ఆగినా లెక్క ఆగకూడదు, ఎందుకో కింద తెలుస్తుంది.

కుట్టుమిషన్ పాటకు తొక్కుడు శబ్దమే లయ. 75 టెంపోలో తొక్కడం టైలరుకు కుదరలేదు, గుడ్డ మందం మారినప్పుడల్లా కాలు తన వేగం తనది. సూది తీసేసి ఉత్త మిషన్ తొక్కించాం, కుదిరింది. సూది దిగే దగ్గరి షాట్లు శబ్దం లేకుండా వేరేగా తీసుకున్నాం.

తప్పెటగుళ్ల పాట దగ్గర మా లెక్కలన్నీ పక్కన పెట్టాం. రొమ్ముకు కట్టిన తప్పెట, కాళ్లకు గజ్జెలు, మెల్లగా మొదలై అడుగడుక్కీ వేగం పెరుగుతుంది. ఆ పెరగడమే ఆ ఆటకు ప్రాణం. చెవిలో దెబ్బలు పెట్టి ఒకే వేగంలో ఆడించి చూస్తే అందరి ఒళ్లూ బిగుసుకుపోయింది. బృందం పెద్దాయన ఆపి, "బాబూ, మీరు మమ్మల్ని తొక్కి పట్టీసినారు, వదిలీండి" అన్నారు. వదిలేశాం. రెండు మైకులు, రెండు ఫోన్లు, మొదటినుంచి చివరిదాకా ఒకటే షాట్. ఈ పాటలో బొమ్మకు తాళం కాకుండా తాళానికి బొమ్మే దారి చూపించింది.

ఆ రోజు మబ్బు పట్టి తోలు వదులైంది. ఎండుగడ్డి మంట దగ్గర కాచుకున్నారు. కాచిన వెంటనే ఉన్న నాదం, కాసేపటి తర్వాత ఉండే నాదం వేరు. ముక్కలుగా తీసి అతికించి ఉంటే ఈ తేడా తెలిసిపోయేది. ఒకే షాట్ కాబట్టి దిగజారడం కూడా సహజంగా ఉంది.

ఖర్చు: తప్పెటగుళ్ల బృందం రూ. 12,000, వ్యాను రూ. 2,500, భోజనాలు రూ. 4,200, లైటు అద్దె రూ. 1,800, వైర్లు రూ. 650. ఈ దశకు రూ. 21,150.
ఇప్పటికి మొత్తం: రూ. 29,700. ఎడిటింగ్ అయింది: 21 నిమిషాలు

ఆగిన పాటలు

21 నిమిషాలు అరుగు మీద ప్రొజెక్టర్ పెట్టి వీధిలో వాళ్లకు చూపించాం. మొదటి పాట చరణం మధ్యలో తెగింది. తెరమీద టైలరు ముఖం ఉంది, శబ్దం లేదు. వెంటనే ఇద్దరు లేచి స్పీకరు వైపు వచ్చారు. వెనకనుంచి ఒక మామ్మగారు, "బాబూ, పాట తెగిపోతంది, వైరు సూడు" అన్నారు. రెండో పాట ఆగినప్పుడు పెన్‌డ్రైవ్ పాడైందన్నారు. మూడోసారికి కొందరు లేచి వెళ్లిపోయారు.

వాళ్ల మాట న్యాయమే. పాట మధ్యలో ఆగితే కరెంటో, వైరో అనుకోవడం మన ఊళ్లలో ఎవరికైనా మొదటి ఆలోచన. ఈ ఆరు చోట్లా ఏం జరుగుతోందో విడివిడిగా పరిశీలించాం.

మొదటిది, నిశ్శబ్దం. ఎడిటింగ్‌లో ట్రాక్ కోసేసిన చోట శుద్ధ సున్నా ఉంది. నిజమైన గదిలో సున్నా ఉండదు. ఫ్యాను, కాకి, దూరాన హారను, ఏదో ఒకటి ఉంటుంది. స్పీకరులోంచి ఆ సన్నటి రొద కూడా పోయేసరికి యంత్రం ఆగిపోయిందని చెవి నమ్మేస్తుంది. ప్రతి షూటింగ్ చోటికీ మళ్లీ వెళ్లి, ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఉత్త గది శబ్దం రికార్డు చేసుకున్నాం. దాన్ని పాట కింద మొదటినుంచీ పరిచి, పాట ఆగాక కూడా కొనసాగించాం. ముందు మైనస్ 52 డెసిబెల్స్ దగ్గర పెడితే ఇంట్లో హెడ్‌ఫోన్లలో సరిపోయింది, అరుగు మీద వినబడలేదు. ఆరు డెసిబెల్స్ పెంచాం.

రెండోది, ఆగే చోటు. సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద ఆపితే పాట పూర్తయినట్టే ఉంది, ఎవరికీ లోటు తెలియలేదు. ఆవర్తనం మధ్యలో ఆపితే తెగినట్టుంది. ఎనిమిదో దెబ్బ మీద, నిషాదం పట్టుకుని ఉండగా ఆపితే పై షడ్జం కోసం చెవి ఎదురు చూస్తోంది. అదే కావలసింది.

ఈ రెండూ సరిచేశాక వైరు చూడమన్న మాట తగ్గింది, పోలేదు. ఇంకేదో తక్కువగా ఉంది. దాన్ని పట్టుకున్నది మాస్టారు.

ఆయన ఇక్కడి సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1919లో పెట్టిన కళాశాల అది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. మాస్టారికి హరికథ అంటే ప్రాణం. ఆయన అడిగింది ఇది: హరికథలో కథ చెప్పే దాసుగారు ఎవరైనా కీర్తన మధ్యలో ఆపేసి పిట్టకథలోకి వెళ్తారు, పావుగంట తర్వాత వచ్చి ఆ అక్షరం దగ్గరే ఎత్తుకుంటారు. ఎప్పుడైనా ఎవరైనా మైకు పోయిందనుకున్నారా? అనుకోరు. చిడతలున్న చెయ్యి పైకి లేస్తుంది, గాల్లో నిలబడుతుంది. ఆపింది ఆయనేనని అందరికీ కనబడుతుంది.

మా పాటల్లో ఎవరూ పాటను ఆపడం లేదు. అది దానంతటదే ఆగుతోంది. ప్రేక్షకుడికి కనబడేలా ఒక చెయ్యి ఉండాలి. ఆరు చోట్లా మళ్లీ షూట్ చేశాం:

1. టైలరు పాట: దారం తెగుతుంది, తిరుగుతున్న చక్రం మీద అరచెయ్యి వేసి ఆపుతాడు.
2. టీ కొట్టు పాట: పంపు స్టవ్ బుస్సుమనే శబ్దమే ఆ పాటకు శ్రుతి. పాలు పొంగుతాయి, ఆవిడ స్టవ్ గాలి వదిలేస్తుంది. పాటతోబాటు శ్రుతి కూడా పడిపోతుంది.
3. భార్య పాట: ముగ్గు వేస్తూ పాడుతుంది. గుమ్మంలో భర్త అడుగు విని, పిండి ఉన్న చెయ్యి గీత మధ్యలో నిలిపేస్తుంది.
4. పక్కింటి అమ్మాయి వీణ: అరచేత్తో తీగలన్నీ అణిచేస్తుంది.
5. తప్పెటగుళ్లు: పెద్దాయన రెండు చేతులూ పైకెత్తుతాడు.
6. నాటక సమాజం పద్యం: రాగం తీస్తుండగా హార్మోనియం గాలి తిత్తి మూసి కొక్కెం పెట్టేస్తారు.

రెండో పాట గురించి కొంచెం చెప్పాలి. పాలు సరిగ్గా ఎనిమిదో దెబ్బకు పొంగాలి. మంట పెంచి తగ్గించి చూశాం, లాభం లేదు. చివరికి పాలు పొంగే షాట్‌ను శబ్దం లేకుండా చాలాసార్లు తీసుకుని, నురగ గిన్నె అంచు దాటే ఫ్రేమును ఏడో దెబ్బ మీద పెట్టాం. చెయ్యి స్టవ్ మీదికి వెళ్లడానికి 20 ఫ్రేములు, ఎనిమిదో దెబ్బకు గాలి వదిలిన చప్పుడు. స్టవ్ చల్లారేటప్పుడు బర్నరు టిక్ టిక్ మంటుంది, అది మేం పెట్టింది కాదు, రికార్డర్‌లో దానంతటదే పడింది. అలాగే ఉంచాం.

పాట ఆగాక ఏం చెయ్యాలన్నది కూడా తేలింది. ఎనిమిదో దెబ్బ తర్వాత వచ్చే సమం మీద, అంటే 20 ఫ్రేములకు, షడ్జం ఉండాల్సిన చోట ఒక చిన్న మామూలు చప్పుడు పడాలి: కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు, గిన్నె మూత, గాజుల సవ్వడి. దాని తర్వాత 80 ఫ్రేములు గది శబ్దం ఒక్కటే. ఆ తర్వాతే మాట. ప్లేబ్యాక్ చివర దెబ్బలు కొనసాగించమన్నది ఇందుకే. నటులు ఆ చప్పుడును తాళంలో వెయ్యాలంటే చెవిలో లెక్క నడుస్తూ ఉండాలి.

మళ్లీ అదే అరుగు మీద చూపించాం. ఎవరూ లేవలేదు. నాలుగో పాట ఆగినప్పుడు ముందు వరసలో ఒక పిల్ల పై షడ్జం తనే పాడేసింది.

ఖర్చు: మళ్లీ తీసిన షాట్లకు భోజనాలు, పాలు, ఆటోలు రూ. 3,400.
ఇప్పటికి మొత్తం: రూ. 33,100. ఎడిటింగ్ అయింది: 29 నిమిషాలు

ఏడో పాట

పెయింటర్‌గా చేస్తున్నాయన వయసులో ఉన్నప్పుడు నిజంగానే నాటకాల తెరలు వేసినవారు. మేం బాబాయి అంటాం. స్క్రిప్టులో చివరికి ఆయన కుంచె ఎత్తి ఒక్క గీత గీస్తాడని ఉంది. బాబాయి చదివి ఒప్పుకోలేదు. "తెర మీద మొదటి గీత కుంచెతో పడదు బాబూ. దారం కొడతాం. రెండో కొస పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి" అన్నారు. బొగ్గు పొడి పట్టించిన దారాన్ని పైనుంచి కిందికి బిగలాగి, మధ్యలో లాగి వదిలితే తెరకు నడిగీత పడుతుంది. స్తంభాలు, వాకిళ్లు అన్నీ దాన్నుంచే కొలుచుకుంటారు.

ఆ సీను మొత్తం మార్చి రాశాం. రెండో కొస భార్య పట్టుకుంటుంది. దారం దెబ్బ సమం మీద పడుతుంది, దానితోబాటే పై షడ్జం.

ఇక్కడ శ్రుతి చిక్కు ఒకటి. అక్క గొంతుకు సరిపడే ఎత్తు ఐదు శ్రుతి, బాబాయిది ఇంకా కింద, ఒకటి. ఆరు పాటలు ఐదులో విన్న చెవికి ఒక్కసారిగా ఒకటికి దిగితే వేరే సినిమాలా ఉంది. బాబాయిని పైకి పాడమంటే గొంతు పగిలింది, అక్కను దింపితే మాట వినబడలేదు. పరిష్కారం తంబూరాలోనే దొరికింది. ఐదు శ్రుతి షడ్జమే ఒకటి శ్రుతికి పంచమం. ఆ తీగను ఆపకుండా మోగిస్తూ, దాని కింద ఒకటి శ్రుతి షడ్జం చేర్చాం. నాదం మారకుండా దాని స్థానం మారింది. దారం పడేవరకు అక్క నిషాదం పట్టుకుని ఉంటుంది, తన షడ్జం అందుకోగానే అది బాబాయికి పంచమం అవుతుంది, అక్కణ్ణుంచి ఆయన ఎత్తుకుంటారు.

షూటింగ్‌కు చేసుకున్న ఏర్పాట్లు:

1. బాబాయి గొంతు అక్కడికక్కడే రికార్డింగ్. పెదవి కలపడం ఆయనకు సరిపడలేదు. తువ్వాలు కింద ఒక చెవిలో శ్రుతి, తాళం.
2. గుడ్డ వెనక ఏమీ లేకపోతే దారం మెత్తగా తగిలి చప్పుడు రాదు, గీత కూడా వంకర పడుతుంది. నడిమధ్యన వెనకవైపు అడుగు వెడల్పు ప్లైవుడ్ నిలబెట్టాం. చప్పుడు, గీత రెండూ కుదిరాయి.
3. నడిమధ్య పన్నాలోనే గీత పడాలి, కుట్టు మీద పడకూడదు. ఐదు పన్నాలు కాబట్టి మధ్యది ఉత్తదే.
4. బొగ్గు గీతను పొడిగుడ్డతో దులిపితే పోతుంది, కానీ బూడిద నీడ మిగిలిపోతుంది. నీడ కనబడేదాకా ముందువైపు, ఆ తర్వాత తెర తిప్పి రెండోవైపు. అందుకే గుడ్డకు సుద్ద పూత వెయ్యకుండా ఉంచాం.
5. దారం దెబ్బకు అడుగు దూరంలో రెండో మైకు. దూరపు మైకులో ఆ చప్పుడు తేలిపోతుంది.

ఎంచుకున్న టేక్‌లో దారం సమానికి రెండు ఫ్రేముల ముందు పడింది. జరిపి సరిచెయ్యవచ్చు. అక్క నిషాదం చివర చిన్నగా ఊపిరి తీసుకున్నది ఆ రెండు ఫ్రేముల్లోనే ఉంది. జరపలేదు, తంబూరాను దానికి జరిపాం.

ఖర్చు: ప్లైవుడ్, నూలు, భోజనాలు రూ. 1,500.
ఇప్పటికి మొత్తం: రూ. 34,600. ఎడిటింగ్ అయింది: 34 నిమిషాలు

మిగిలిన పని

ఆరో పాట పద్యంలో హార్మోనియం కొక్కెం చప్పుడు చాలా పైకి ఉంది, తగ్గించాలి. మూడో పాటలో ముగ్గు పిండి కెమెరా వైపు ఎగిరిన షాట్ మార్చాలి. తప్పెటగుళ్ల దగ్గర ఒక లెక్క ఇంకా తేలలేదు. మిగతా ఐదు చోట్లా ఆగాక 80 ఫ్రేములు సరిపోయాయి. ఇక్కడ వేగం బాగా పెరిగాక ఆగుతుంది కాబట్టి అదే 80 సాగదీసినట్టుంది. ఆగే ముందు చివరి దెబ్బల మధ్య దూరం కొలిస్తే 11, 12 ఫ్రేములు ఉంది. ఆ వేగంలో ఎనిమిది దెబ్బలంటే 92 దాకా వస్తుంది, నాలుగంటే 46. ముందు 46 పెట్టి చూస్తాను. గజ్జెలు సద్దుమణగడానికి అది చాలకపోతే 60కి వెళ్తాను.